మణికట్టు తూకం

కేస్లి చేను కన్న ముందు
నేను కేస్లి ఎముకను చూసిన.

దేవరకొండ సర్కారు దవఖానల
ఎక్సరే గది నాది.
పోయినేడు, మొగులు పట్టిన ఒక బుధవారం
గెట్టు మీద జారిపడి వచ్చింది,
ఎడమ చేతిని కుడి చేత మోసుకుంట,
ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చినట్టు.
"కదలకు" అన్న.
"కదిలితెనే కదా సారూ బువ్వ" అన్నది.

పట్టీ విప్పినంక
ఫిల్ము కవర్ల టమాటలు పెట్టి తెచ్చింది.
పచ్చివీ దోరవీ కలిపి, ఒకటి పగిలింది.
లంచం అనుకుంటరేమోనని
టేబులు కింద దాచిన.
పగటీలి ఆకలికి ఒకటి కొరికితె
ఎండ వాసన వచ్చింది.
మా గల్లీల బండి మీది టమాట
లారీల నిద్రపోయి వస్తది,
పండిన సంగతి దానికే తెల్వది.

గప్పటి సంది ఆదివారమొస్తె
పెద్దగుట్ట తండకు నా పాత బండి.
కొండమల్లేపల్లి రోడ్డు దిగి
పత్తి చేన్ల నడుమ మట్టి బాట.
బోరు మోటరు సప్పుడు వినొస్తె వచ్చినట్టే.

"తెంపియ్య. నువ్వే తెంపుకో" అంటది.
మొదటిసారి బెండతోటల దిగి
మోచేతుల దాక గోక్కున్న.
ఏది లేతదో ఏది ముదురో
కొన తుంచి చూడమన్నది.
టప్పుమంటె కూర, వంగితె విత్తనం.
ఇరవై ఏండ్లు మనుషుల లోపలికి చూసినోన్ని,
బెండకాయ లోపలికి చూడరాలె.

ధర కాడికి వచ్చేసరికి
కేస్లి నడుముకు చెక్కిన ఫోను తీస్తది.
అల్లుడు నల్లగొండ మార్కెట్ల హమాలి.
"ఇయ్యాల బెండ ఎంత?"
తాను విత్తు నాటి, నీళ్లు కట్టి,
పురుగేరి, పొద్దు పొడవకముందు లేచి
పండించినదాని ధర
గుట్టలవతల ఎవరో అరిచిన అంకె
చెవుల పడితె గాని తెల్వది.
అల్లుడు ఎనిమిదంటె ఎనిమిది,
అరవై అంటె అరవై.
ఎనిమిదన్ననాడు
నేల దిక్కు చూసింది నేనే.

మొన్న ఆదివారం సిగ్నల్ లేదు.
టవరు మీద పిడుగు పడ్డదట.
ఇద్దరం ఫోను దిక్కు చూసినం,
ఒకల మొఖం ఒకలం చూసినం.
"నువ్వు చెప్పు సారూ."
"చేను నీది. నువ్వే చెప్పు."
ఒక అంకె నా నాలుక కొసదాక వచ్చి
వెనక్కి మర్లిపోయింది.
తక్కువ చెప్తె సిగ్గు,
ఎక్కువ చెప్తె దానం చేసినట్టు.
ఆమె నోట్లె ఏ అంకె ఉండెనో.
మోటరు మాత్రం పోస్తనే ఉన్నది.

ఆఖరికి అడిగింది:
"నా చెయ్యి ఫోటువకు ఎంత తీసుకున్నవ్?"
"సర్కారు దవఖాన. పైసలు లెవ్వు."
"ఇదీ గంతే."
"గట్లెట్ల? నాకు జీతమొస్తది."
"నాకు రాదా ఏంది" అన్నది,
మొగులు దిక్కు చూసుకుంట.

వంద నోటు తీసి
రాయి కింద పెట్టిన.
ఆమె సంచిని ఎడమ చేత పట్టుకొని
కండ్లు మూసుకొని ఇంత ఎత్తింది.
రెండు కాకరకాయలు వేసింది.
మళ్ల ఎత్తింది.
పుంటికూర కట్ట ఒకటి కుక్కింది.
మళ్ల ఎత్తి, "ఇగ సరి" అన్నది.

తక్కెడ లేదు, తూకం రాళ్లు లెవ్వు.
ఆ మణికట్టు నాకు ఎరుకే.
బొటనవేలి దిక్కు ఎముక
జరంత వంకరగ అతికింది,
డాక్టరుకు చెప్పిన కూడ.
గందుకేనేమో
ఎప్పుడూ నా దిక్కే మొగ్గుతది.

బండి తిప్పుకుంట చూసిన:
గట్టు పొంటి జొన్నల్ల
కట్టెకు కట్టి ఉన్నది నేను తీసిన ఫిల్ము.
గాలికి తళుక్కుమంటె పిట్టలు లేస్తున్నయి.
ఎండల ఆమె చెయ్యి, తోలు లేకుండ, మాంసం లేకుండ,
పో పో అన్నట్టో
మళ్ల రమ్మన్నట్టో ఊగుతున్నది.

వచ్చేటప్పుడు దవఖాన కాడ ఆగి
పసిపిల్లలను తూచే మిషిను మీద
సంచి పెట్టబోయిన.
"ఎంత బరువు పుట్టింది సారూ?"
అన్నది వెనక నుంచి నర్సు సుగుణ.
ముల్లు ఇంక ఆడుతనే ఉన్నది.
చూడకుండనే
ఎత్తుకొని ఇంటికి వచ్చిన.